రాక్షసుల నోటుపుస్తకం పారేయకండి

మొన్న ఆదివారం పాత పేపర్లతో పాటు మా అమ్మాయి రఫ్ నోట్సు కూడా కట్టకట్టి గుమ్మం దగ్గర పెట్టేశాను. ఏడో తరగతి పిల్ల. లెక్కలుండాల్సిన చోట కోరలు, కొమ్ములు, తోకలు! తను ఏడవలేదు, అరవలేదు. కట్ట విప్పి పుస్తకం తీసుకుని, "చదివే పారేశావా అమ్మా?" అంది. చదవలేదు. ఆ రాత్రి చదివాను. అందుకే ఇది రాస్తున్నాను.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట ఒకటుంది. దీనికి ఫోనూ టీవీ అక్కర్లేదు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు అందులో పాత్రలు. "తలుపు పగలగొడతా" అంటే సరిపోదు, ఇరవై ముఖాల పాచికలో పడిన అంకెను బట్టే అది పగులుతుంది. మా కొండాపూర్ అపార్ట్‌మెంట్ మెట్ల మీద నలుగురు పిల్లలు ఇదే ఆడతారు. పాచిక బదులు స్టీలు డబ్బాలో ఇరవై చీటీలు. రాక్షసులూ, రూల్సూ మాత్రం సొంతానివి.

"దీనివల్ల ఏంటి ఉపయోగం? ఆ టైములో ఐఐటీ ఫౌండేషన్‌కి పంపొచ్చుగా" అంటారు లిఫ్టులో. నిన్నమొన్నటిదాకా నేనూ అన్నదాన్నే.

ఆ పుస్తకంలో బోరురాక్షసి ఉంది. భూమి కింద ఉంటుంది. పైన కొత్త బోరు వేసినప్పుడల్లా దాని ప్రాణం పది పాయింట్లు పెరుగుతుంది. కత్తికి చావదు. వీధిలో అన్ని ఇళ్ళవాళ్ళూ ఒకేసారి కుళాయిలు కట్టేస్తేనే చస్తుంది. ఒక్క ఇల్లు దొంగాట ఆడినా మళ్ళీ లేస్తుంది. ఎండాకాలం ట్యాంకరు కోసం మనం పడే గొడవలన్నీ పిల్ల వింటూనే ఉందన్నమాట. ఏ ఫౌండేషన్ క్లాసు చెప్పింది దానికీ పాఠం?

"మనది కాని ఆట" అంటారు కొందరు. ఆ ఆటలో 1970ల నుంచీ 'రాక్షస' అనే పేరుతోనే ఒక భూతం ఉంది, పులి తలతో. మన రాక్షసుణ్ణి వాళ్ళు తీసుకుపోయి తమకి నచ్చినట్టు మార్చుకున్నారు. గైగాక్స్ అయితే చవక ప్లాస్టిక్ బొమ్మను చూసి ఇనుము తినే భూతాన్ని పుట్టించాడు. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ చదివి పెరిగిన మనకి, పిల్లలు భూతాల్ని కల్పిస్తే అంత కంగారెందుకు?

అసలు సంగతి రూల్స్ దగ్గరుంది. మా పుట్టింట్లో అష్టాచెమ్మా ఆడితే ఒక్క కాయనైనా చంపితేనే లోపలి గళ్ళలోకి వెళ్ళాలి. అత్తారింట్లో ఆ రూలు లేదు. కొత్త కోడల్ని, నోరెత్తకుండా వాళ్ళ రూలుతోనే ఆడాను. ఒక్క అష్టాచెమ్మాలోనే కాదు.

మా అమ్మాయి తన మంత్రం ఎప్పుడూ ఫెయిల్ కాదని ఒక రూలు రాసుకుంది. మిగతా ముగ్గురూ ఒప్పుకోలేదు. అరగంట వాదించుకున్నాక పాతది కొట్టేసి కింద కొత్తది రాశారు: మంత్రం వేసినప్పుడల్లా మూడు పాయింట్ల ప్రాణం పోవాలి, అందరికీ ఇదే. నాలుగు సంతకాలు. 2023 జనవరిలో ఆ ఆట కంపెనీయే సొంత రూల్స్ రాసి అమ్ముకునేవాళ్ళ మీద కొత్త షరతులు పెట్టబోతే, ఆడేవాళ్ళు ఎదురుతిరిగారు. కంపెనీ వెనక్కి తగ్గింది. రూలు ఆకాశం నుంచి ఊడిపడదనీ, ఎవరో ఒకరు రాసిందేననీ, రాసినవాళ్ళకీ వర్తించాలనీ నాకు ముప్పై దాటాక గానీ తెలియలేదు. నా కూతురికి పన్నెండేళ్ళకే తెలిసింది. అది నేను పాత పేపర్లతో కలిపి కిలోల లెక్కన అమ్మబోయాను!

చదువు మానేసి ఆడమనడం లేదు. పరీక్షల ముందు నేనూ పుస్తకం దాచేస్తాను. కానీ ఆడపిల్ల "ఈ రూలు ఎవరు పెట్టారు?" అని అడగడం నేర్చుకుంటుంటే ఆపకండి. అలాగని ఫీజు కట్టి క్రియేటివిటీ క్లాసులోనూ పడేయకండి. మెట్లమీద వదిలేయండి, చాలు.

నిన్న అదే పుస్తకంలో కొత్త రూలు రాసింది: రాత్రి గిన్నెలు సర్దే పని తమ్ముడికీ ఉండాలని. నేను సంతకం పెట్టేశాను. మా అత్తగారు రెండుసార్లు చదివి మరీ పెట్టారు. ఇంక మా ఆయనదే మిగిలింది.