జరిగే ఇంటికి అప్పు పుట్టదు

బ్యాంకులో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాను. అందులో సగం అప్పుల సెక్షన్‌లోనే గడిచింది. తిప్పి పంపిన అర్జీలు లెక్కలేనన్ని. ఒక్కటి మాత్రం ఇప్పటికీ గుచ్చుతూనే ఉంటుంది.

పశ్చిమ గోదావరి జిల్లాలో హైవే పక్క ఊరు. వచ్చినాయన వడ్రంగి మేస్త్రి. రోడ్డు వెడల్పులో ఆయన ఇంటి ముందు గది, వరండా పోతున్నాయి. "ఇల్లు ఇరవై అడుగులు వెనక్కి జరిపించుకుంటానండి. పెరడు నాదేనండి," అన్నాడు. హర్యానా నుంచి వచ్చిన జాకీల కాంట్రాక్టరు రాసిచ్చిన ఎస్టిమేటు చేతిలో పెట్టాడు. ఎనిమిది లక్షలు. కూల్చి మళ్లీ కట్టాలంటే ఎంత తక్కువన్నా ఇరవై ఎనిమిది.

"మేస్త్రీగారూ, కదిలేదాన్ని స్థిరాస్తి అని ఎలా రాసుకోమంటారు?" అన్నాను. చమత్కారం అనుకున్నాను. ఆయన నవ్వలేదు.

నిజానికి నేను అన్నది చట్టంలో ఉన్నదే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం గోడలు, భవనాలు నేలలో పాతుకుని ఉంటేనే నేలకు అతుక్కున్నట్టు. జాకీల మీద ఉన్న ఆ నెల రోజులూ ఇల్లు స్థిరాస్తా, చరాస్తా? పై ఆఫీసుకు పంపితే ఆ సందేహం దాకా కూడా పోలేదు. 'పథకంలో లేదు' అన్న రెండు ముక్కలతో ఫైలు తిరిగొచ్చింది.

ఇల్లు జరపడం మాయేమీ కాదు. గోడల కింద కొంచెం కొంచెంగా తవ్వుతారు, జాకీలు దూరుస్తారు, ఇనుప గర్డర్లు పరిచి ఇల్లంతటినీ ఒక చట్రం మీదికి ఎత్తుతారు. తర్వాత చక్రాల మీద అడుగడుగే జరిపి కొత్త పునాదికి కలిపేస్తారు. సిమెంటు రోడ్డు మీద రోడ్డు పోసి ఇళ్లు పల్లమైపోయిన మన ఊళ్లలో, ఇల్లు లేపడం జనం చూస్తున్నదే. 2022లో పంజాబ్‌లోని సంగ్రూర్ జిల్లాలో ఢిల్లీ-అమృత్‌సర్-కత్రా ఎక్స్‌ప్రెస్‌వేకి అడ్డొచ్చిన రెండంతస్తుల ఇంటిని ఒక రైతు అయిదు వందల అడుగులు జరిపించడానికి పూనుకున్నాడు. కోటిన్నర పెట్టి కట్టుకున్న ఇల్లు అది. ఆయనకు చేతిలో డబ్బుంది. మా మేస్త్రికి లేదు, అంతే తేడా.

2013 భూసేకరణ చట్టంలో నిర్వాసిత కుటుంబానికి రవాణా ఖర్చు కింద యాభై వేలు రాశారు. మనుషులు, సామాను, పశువులు, ఆఖరికి ఇంటి సామగ్రి తరలించుకోవడానికి. అంటే ఇటుకలుగా విడగొడితే బండి ఖర్చు ఇస్తారు. ఇల్లు ఇల్లుగా కదులుతుందన్న ఊహే ఆ రాసినవాళ్లకు లేదు.

అమెరికాలో ప్రభుత్వ సంస్థ హామీతో బ్యాంకులిచ్చే 203(కె) అప్పులో ఇంటిని కొత్త పునాది మీదికి చేర్చే పనికీ చోటుంది. కొత్త పునాదికి కలిశాకే ఆ ఇంటి తాలూకు సొమ్ము వదులుతారు. వాళ్లవి చాలామటుకు చెక్క ఇళ్లు, మనవి ఇటుకవి, బరువెక్కువ. ఒప్పుకుంటాను. మట్టి అడుసుతో కట్టిన పాత గోడలు జాకీకి ఆగకపోవచ్చు కూడా. దానికి స్ట్రక్చరల్ ఇంజనీరు సర్టిఫికెట్ అడగండి, తప్పులేదు.

కానీ తనఖా సంగతి? స్థలం ఎక్కడికీ పోదు. అదే దస్తావేజు, అదే సర్వే నంబరు, అదే యజమాని. మేస్త్రి పెరడు ఒక్కటే ఆ ఎనిమిది లక్షలకు రెండింతలు చేసేది. ఇల్లు మధ్యలో కూలినా బ్యాంకు సొమ్ముకు ఢోకా లేదు. ఆ లెక్క నేను ఆ రోజే వేసి ఉండాల్సింది. కొత్త ఇంటికి పునాది, లింటెల్, స్లాబు అంటూ విడతలుగా ఇస్తాం కదా. అలాగే కొత్త పునాదికి ఒక విడత, ఇల్లు జాకీల మీదికి లేచాక ఒకటి, పునాదికి కలిశాక ఇంకొకటి. కొంత సొమ్ము ఆపి, ఒక వానాకాలం గడిచి గోడలు బీటలివ్వకపోతే అప్పుడివ్వండి. బ్యాంకుల బోర్డుల్లో కూర్చున్నవాళ్లు ఒక సర్క్యులర్‌తో చేయగల పని ఇది. రోడ్డు వేసేవాళ్లు కూడా పెరడున్నవాళ్లకు జరుపుకునే గడువిచ్చి, పరిహారం ముందే చేతిలో పెట్టాలి. మేస్త్రికి అది అందేసరికి ఏడాదిన్నర పట్టింది.

ఈలోగా ఇల్లు కూల్చేశారు. తను చేసిన టేకు తలుపులు, కిటికీలు ఊడదీసుకుని కొత్తింటికి బిగించుకున్నాడు. ఆ కొత్తింటికి ఇరవై రెండు లక్షల అప్పు మా బ్రాంచే ఇచ్చింది. మంజూరు కాగితం మీద సంతకం నాదే.