పాత కేసుకు కొత్త శిక్ష

గ్రీన్‌కార్డు వచ్చి ఐదేండ్లు దాటంగనే సిటిజన్‌షిప్‌కు పెడ్తమంటరు అమెరికాల ఉన్న మనోళ్లు. మంచిదే. సిటిజన్ అయితెనే ఓటు. అమ్మనాయినలకు గ్రీన్‌కార్డు అడిగే హక్కు గూడ అప్పుడే. కానీ ఎన్నడో ఒక కేసయి ఉంటే, ఫారం నింపేముందు ఆగుండ్రి అంటున్న నేను.

ఎన్-400 ఫారం ఈ ఐదేండ్ల ముచ్చటే అడగదు. ఎన్నడన్న అరెస్టయినవా అని అడుగుతది. కోర్టు కేసు కొట్టేసినా, రికార్డు తుడిచేసినా చెప్పాల్సిందే. వేలిముద్రలు తీస్కుని ఎఫ్‌బీఐ రికార్డులు చూస్తరు. దాస్తే ఆ అబద్ధమే కొత్త కేసయితది.

అసలు మెలిక ఇంకోటుంది. షాపుల దొంగతనం కేసుల జడ్జి ఏడాది శిక్ష ఏసి, సస్పెండ్ చేసిండనుకోండ్రి. ఒక్క రోజు గూడ జైల్ల ఉండలె. అయినా ఇమ్మిగ్రేషన్ చట్టం దాన్ని 'అగ్రవేటెడ్ ఫెలనీ' కింద లెక్కగట్టొచ్చు. మొదట్ల ఐదేండ్ల శిక్ష పడితెనే ఆ ముద్ర. 1996ల అమెరికా కాంగ్రెస్ దాన్ని ఏడాదికి దించింది, పాత కేసులకు గూడ అంటగట్టింది. 1990 నవంబర్ 29 నుంచి ఇటు అట్ల శిక్ష పడ్డోళ్లకు సిటిజన్‌షిప్ దారి జీవితాంతం బంద్. దరఖాస్తు పెడితే, దేశం నుంచి పంపే కేసు గూడ మొదలుకావచ్చు.

నేరం ఒప్పుకుంటే దేశం దాటాల్సొస్తదని వకీలు ముందే చెప్పాలని 2010ల పడిల్లా కేసుల సుప్రీంకోర్టు అన్నది. ఆ తీర్పు అంతకుముందే ముగిసిన కేసులకు వర్తించదని 2013ల మల్ల అదే కోర్టు చెప్పింది. అంటే శిక్ష ఎనక్కి పోతది, రక్షణ మాత్రం పోదు. ఇదేం న్యాయం?

అన్ని కేసులు గట్ల కావు. చిన్న కేసయి ఏండ్లు గడిస్తే సిటిజన్‌షిప్ రావచ్చు. కాకపోతే నడవడిని ఇంకింత గట్టిగ చూడాలని 2025 ఆగస్టుల ఆఫీసర్లకు ఆదేశమొచ్చింది. కొలువు, కుటుంబం, కట్టిన ట్యాక్సులు గూడ లెక్కల పెట్టుమన్నది అదే ఆదేశం.

గందుకే ముందుగాల కోర్టు నుంచి తీర్పు కాగితం తెచ్చుకోవాలె. ఇమ్మిగ్రేషన్ వకీలుకు చూపియ్యాలె. ఆయన సరే అన్నంకనే ఫారం. దోస్తులు చెప్పిన "పాత కేసే గదా" అన్న మాట మీద సంతకం పెట్టొద్దు. సిటిజన్‌షిప్ రాకున్నా బతకొచ్చు గనీ, చేతిల ఉన్న గ్రీన్‌కార్డు పోతే ఇల్లు, పిల్లలు అక్కడ్నే మిగులుతరు.