చక్రం ఆగిందా?

కాలిఫోర్నియా వచ్చిన కొత్తలో నాకో ట్రాఫిక్ టికెట్ పడింది. నేరం ఏంటంటే, స్టాప్ సైన్ దగ్గర కారు ఆపలేదు. స్లో చేశాను, అటూ ఇటూ చూశాను, పోనిచ్చాను. మన ఊళ్లో అయితే జాగ్రత్తపరుడు అంటారు! ఇక్కడ చక్రం పూర్తిగా ఆగాల్సిందే. వెనక పోలీసు లైట్లు వెలగ్గానే అలవాటు కొద్దీ దిగి "సార్, సార్" అనబోయాను. పక్కనున్న రూమ్మేట్ చెయ్యి పట్టి లాగాడు. "దిగకు మామా! చేతులు స్టీరింగ్ మీద పెట్టు."

ఫైన్ 200 డాలర్లు దాటింది. "కట్టేస్తే పోలా?" అన్నారు నాన్న ఫోన్లో. పోదు నాన్నా. ఫైన్ కాకుండా రికార్డులో ఒక పాయింట్ పడుతుంది. మూడేళ్లు వెంటాడుతుంది. ఇన్సూరెన్స్ వాళ్ల కంట పడిందంటే ప్రీమియం పెరుగుతుంది. ఏడాదిలో 4 పాయింట్లు చేరితే లైసెన్సుకే ఎసరు.

అందుకే ఆన్‌లైన్ ట్రాఫిక్ స్కూల్. అయితే ఫైన్ మాఫీ అవుతుందని ఆశపడకండి. ఫైన్ మొత్తం కట్టాలి, కోర్టుకి ఇంకో ఫీజు, స్కూలుకి వేరే ఫీజు. బదులుగా ఆ పాయింట్ ఇన్సూరెన్స్ కంపెనీకి కనిపించదు. ఈ అవకాశం 18 నెలలకి ఒక్కసారే. తాగి నడిపితే వర్తించదు. కోర్టు చెప్పిన గడువు దాటకూడదు. డీఎంవీ లైసెన్సు ఉన్న స్కూలేనా అని డబ్బు కట్టకముందే చూసుకోండి. ఇదంతా కాలిఫోర్నియా లెక్క. వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి రూల్ కనుక్కోండి.

"నువ్వు పడుకో, నేను క్లిక్ చేసేస్తా" అన్నాడు రూమ్మేట్. నిజం చెప్పొద్దూ, టెంప్ట్ అయ్యాను. లాప్‌టాప్ ఓ పక్క పెట్టి, పప్పుకి పోపు వేసుకుంటూ మొదలెట్టాను. టైమర్ అయ్యేదాకా పేజీ కదలదు. విసుగొచ్చి, చేసేదేం లేక చదివాను. తెల్లగీత దగ్గర ఎందుకు ఆగాలో అక్కడే అర్థమైంది. నేను రోజూ గీత దాటి, జనం నడిచే దారి మీదికి వచ్చాక చూస్తున్నాను!

పాసయ్యాను. పాయింట్ దాగింది. డబ్బు మిగిలింది.

వారం తర్వాత అదే స్టాప్ సైన్. స్ట్రోలర్‌లో పాపని పెట్టుకుని ఒకావిడ అంచున నిలబడింది. నేను చెయ్యి ఊపాను, వెళ్లమని. కదల్లేదు. ఆవిడ నా మొహం వైపు చూడట్లేదు, ముందు చక్రం వైపు చూస్తోంది. అది పూర్తిగా ఆగాకే స్ట్రోలర్‌ని రోడ్డు మీదికి దింపింది.

అంతకుముందు ఎంతమంది అలా నా చక్రం వైపు చూస్తూ నిలబడిపోయారో!