తండ్రుల చాటు శాస్త్రవేత్తలు

ఈమధ్య మన ప్రాంతంలో జరిగిన ఒక సాహిత్య సభలో మహీధర నళినీమోహన్ రచనల మీద ఒక గంట పెట్టమని అడిగాం. ‘అవి సైన్సు పాఠాలండీ, బళ్లో పెట్టుకోండి’ అన్నారు. ఎవరన్నారో రాయం, రేపు బందరు రోడ్డు మీద ఎదురుపడాల్సినవాళ్లమే. అదే సభలో ‘కొల్లాయిగట్టితేనేమి?’ మీద పూటంతా మాట్లాడారు. మాట్లాడాల్సిన నవలే. దాన్ని రాసిన రామమోహనరావు గారి అబ్బాయే నళినీమోహన్ అన్న సంగతి మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో శాస్త్రవేత్త ఆయన. ఇంగ్లీషులో పరిశోధన పత్రాలు రాసుకుని రిటైరైతే అడిగేవాళ్లెవరూ లేరు. అయినా క్యాలెండర్‌కీ, నిప్పుకీ, టెలిఫోనుకీ తెలుగులో కథలు చెప్పారు. పిడుగునూ వదల్లేదు, ‘పిడుగుదేవర కథ’ రాశారు.

ఆ పిడుగు సంగతే చూద్దాం. కంకిపాడు చుట్టుపక్కల ఊడ్పులప్పుడు ఉరుము వినపడితే అర్జునుడి పేర్లు తలుచుకుంటూ చెట్టు కిందికి చేరేవాళ్లు ఇంకా ఉన్నారు. పేర్లు తలుచుకుంటే పోయేదేం లేదు, ప్రాణం పోయేది చెట్టు కిందే. మెరుపు దారిలో గాలి క్షణంలో సూర్యుడి ఉపరితలాన్ని మించి వేడెక్కి, పేలినట్టు వ్యాకోచిస్తుంది. ఆ చప్పుడే ఉరుము. వెలుగు అప్పటికప్పుడే కంటికి చేరుతుంది, చప్పుడుకు కిలోమీటరుకు 3 సెకన్లు పడుతుంది. మెరిశాక 9 సెకన్లకు ఉరిమితే పిడుగు 3 కిలోమీటర్ల దూరంలో పడ్డట్టు. ఇప్పుడు ఫోనుకి పిడుగు హెచ్చరికలు వస్తున్నాయి. ఈ లెక్క తెలియనివాడికి అదీ ఇంకో అప్పుల కంపెనీ మెసేజీ లాంటిదే.

చేలో ఉన్న మనిషి ప్రాణానికి పనికొచ్చే వచనం సాహిత్యం కాదట! సంధ్యారాగం మీద నలభయ్యోసారి అచ్చయిన కవిత సాహిత్యమట! కొడవటిగంటి రోహిణీప్రసాద్‌కీ ఇదే మర్యాద దక్కింది. భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త, సితార్ వాయించినవాడు, విశ్వం గురించీ మానవ పరిణామం గురించీ ఇంట్లో కూర్చుని కబుర్లాడినట్టు రాసినవాడు. 2012లో పోయారు. నవలాకారుడు కొడవటిగంటి కుటుంబరావు (కొ.కు.) కొడుకు కాబట్టి, వేదికల మీద ఆయన ఇప్పటికీ ‘కొ.కు. గారబ్బాయి’. నవలలు రాసిన తండ్రులకు పీటలు, విజ్ఞానం రాసిన కొడుకులకు గుమ్మం బయట చెప్పుల దగ్గర చోటు.

పొరుగువాళ్లకు ఈ పట్టింపు లేదు. రవీంద్రుడు 1937లో ‘విశ్వపరిచయ్’ రాసి, భౌతికశాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్‌కి అంకితమిచ్చాడు. మరాఠీలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ ఆత్మకథకు 2014లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2021లో నాసిక్‌లో జరిగిన అఖిల భారత మరాఠీ సాహిత్య సమ్మేళనానికి ఆయన్నే అధ్యక్షుణ్ని చేసుకున్నారు. మన మహాసభల్లో ఒక శాస్త్రవేత్తకి ఆ కుర్చీ వేయడం ఊహించండి. కనీసం కార్యవర్గంలో ముగ్గురు అలుగుతారు.

విజ్ఞాన రచనల్లో సమాచారమే తప్ప శైలి ఉండదంటారు. చాలా పుస్తకాల విషయంలో నిజమే, చాలా కవితా సంపుటాల విషయంలోనూ నిజమే.

వచ్చే సంచికలో రోహిణీప్రసాద్ వ్యాసాలకు 8 పేజీలు కేటాయించాం. రాసేవాళ్లకు ఒకటే షరతు. మొదటి రెండు పేజీల్లో కుటుంబరావు గారి పేరు కనపడకూడదు.