చెరువు లెక్క ఎవరు తేల్చాలి?

చెరువులో పూడిక తీస్తే ఎన్ని ట్రాక్టర్ల మట్టి పోయిందో బిల్లులో ఉంటుంది. ఆ మట్టి తోలుకున్న చల్క నేల తర్వాత ఏమైందో ఏ బిల్లులోనూ ఉండదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువులను బాగుచేస్తామన్నారు. చాలాచోట్ల కట్టలు గట్టిపడ్డాయి, తూములు బాగయ్యాయి, కాదనం. కానీ ఎకరాకు ఎన్ని ట్రిప్పులు తోలితే మేలు, ఆ బలం ఎన్ని పంటల దాకా నిలుస్తుంది, ఏ చెరువు మట్టిలో చౌడు ఉంది అని రైతు అడిగితే తన ఊరి నేలకు సరిపోయే జవాబు దొరకదు. ఎవరి అనుభవం వారిదే.

శికం భూముల్లో సర్కారు తుమ్మ సంగతీ అంతే. పైన నరికితే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. కాయలు మేసిన మేకలు, పశువులు పోయినచోటల్లా గింజలు వేస్తాయి. జేసీబీ పెట్టి బిల్లు ఎత్తుకుంటే చాలదు, మూడు నాలుగేళ్లు వెంటపడి చూడాలి. ఆ కంపతో బొగ్గు కాల్చుకుని బతికేవాళ్ల మాట కూడా వినాలి.

ఈ పని చేయగలిగింది మన పిల్లలే. వ్యవసాయం, వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం పీజీ చదివేవాళ్లలో రైతుల, కూలీల బిడ్డలు ఎందరో ఉన్నారు. బస్సు చార్జీలు, మట్టి పరీక్షలు, ఊళ్లో ఉన్నన్నాళ్ల తిండి ఖర్చు తండ్రి మీద పడితే, క్యాంపస్ దాటని అంశమే నయమనుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం.

డబ్బు లేదంటే ఒప్పుకోం. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు. పర్యావరణ పరిరక్షణ ఆ నిధుల ప్రాధాన్య రంగాల్లోనే ఉంది. గనుల దెబ్బ తిన్న ఊళ్లలో విద్యార్థుల పరిశోధనకు వాటి నుంచి ఇవ్వాలి. మిగతాచోట్ల చెరువు పనుల అంచనాలోనే నూటికి ఒక రూపాయి ఇందుకు పక్కన పెట్టాలి. ఎరువుల కంపెనీ డబ్బుతో మట్టి పరిశోధన మాత్రం మాకొద్దు.

పీజీ రెండేళ్లే, తుమ్మకు అంతకన్నా ఎక్కువ కాలం కావాలి. అందుకని ఒకే చెరువును ఒకరి తర్వాత ఒకరు చూసేలా ఏర్పాటుండాలి. తేలిన విషయం, పని విఫలమైనా సరే, తెలుగులో గ్రామసభ ముందు చెప్పాలి. థీసిస్ బీరువాలో పడుంటే మనకేం ఒరుగుతుంది?

ఈ డిమాండ్లతో కలెక్టర్లకు వినతిపత్రాలు ఇస్తున్నాం. మండల కమిటీలు నెలాఖరులోగా తమ చెరువుల పేర్లు, పూడిక తీసిన ఏడాది, మట్టి తోలుకున్న రైతుల వివరాలు రాసి పంపాలి. మట్టి తోలుకుని నష్టపోయినవాళ్ల సంగతి కూడా దాచకుండా రాయండి.