మనం ఊరెళ్లినా కానుక ఆగకూడదు



వేసవి సెలవులు వచ్చాయంటే బళ్లారి, చెన్నై, ముంబయి, బరంపురం ఎక్కడైనా మన తెలుగు సంఘాల్లో సగం బల్లలు ఖాళీ. పిల్లలతో అమ్మమ్మగారి ఊరికి వెళ్లడం మంచిదే. విశ్రాంతి దేవుడిచ్చిన వరమే. కానీ మనతోపాటు కానుక కూడా ఊరెళ్లిపోతే ఆ రెండు నెలల భారం ఎవరి మీద పడుతుంది?

సంఘకాపరి ఇల్లు గడవాలి. కరెంటు బిల్లు కట్టాలి. జూన్‌లో బడులు తెరిచేసరికి పేద పిల్లలకు పుస్తకాలు కావాలి. విధవరాళ్లకు ఇచ్చే సాయం తగ్గితే వారి పొయ్యి మీదే ముందు తెలుస్తుంది.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 16వ అధ్యాయంలో పౌలు యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం ప్రతి ఆదివారం ఎవరి రాబడిని బట్టి వారు కొంత తీసి పెట్టమన్నాడు. తాను వచ్చాక హడావుడిగా పోగుచేయడం ఆయనకు ఇష్టం లేదు. కాబట్టి కానుక మనం గుడికి వెళ్లిన రోజుకు కట్టే రుసుము కాదు. మనం ఎక్కడున్నా పేదలకు చెందవలసిన వంతు.

ఇంకొక మాట. మనం ఊళ్లో లేమని ఇంట్లో పనిచేసే ఆమె జీతం కోయవద్దు. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయం దాసదాసీలకూ మనలాగే విశ్రాంతి ఉండాలంటుంది. జీతం లేని సెలవు ఆమెకు విశ్రాంతి కాదు, పస్తు.

బయలుదేరేముందే కవరు కోశాధికారికి అందజేద్దాం. వెళ్లిన ఊళ్లో ఆదివారం ఆరాధన మానకుండా, అక్కడి సంఘానికీ చేతనైనంత ఇద్దాం.