కబడ్డీ ఫొటోకు కావలసింది వెలుగు
నల్గొండ, పాలమూరు పల్లెల్లో కబడ్డీ ఫొటోలు తీయాలనుకునే కుర్రాళ్లు ముందుగా ఆశపడేది 70-300 జూమ్ లెన్సుకే. అది తప్పు ఎంపిక అని నా గట్టి అభిప్రాయం. పురుషుల కోర్టు పొడవు 13 మీటర్లే. చివరి గీత మూలన కూర్చుంటే కూతకొచ్చిన ఆటగాడి ముఖం ఎదురుగానే కనిపిస్తుంది, ఇక దూరపు లెన్సు దేనికి? అసలు కరువు వెలుగుది. పొద్దుగూకాక లైట్ల కింద ఆట జరిగేటప్పుడు, ఎఫ్/5.6 దగ్గర ఆగిపోయే జూమ్ కన్నా ఎఫ్/1.8 ఉన్న 50 లేదా 85 ఎంఎం లెన్సు దాదాపు పదింతల వెలుగును లోనికి తీసుకుంటుంది. షట్టర్ 1/800 కంటే తగ్గనివ్వకండి. ఐఎస్ఓ 6400 దాకా పోయినా భయం లేదు, ఫొటో గరుకుగా ఉంటే సర్దుకోవచ్చు గానీ చెదిరిన ముఖాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఫోకస్ కంటిన్యుయస్‌లో ఉండాలి. చాలామందికి తలనొప్పి తెచ్చేది మరొకటి ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా రకాల లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి, అది మన కంటికి తెలియదు. వరుస ఫ్రేముల్లో ఒకటి వెలుగ్గా, తర్వాతది పచ్చగా వచ్చేది అందుకే. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి, లేకపోతే నాలుగైదు ఫ్రేములు కొట్టి మంచిది ఏరుకోండి. 2024 తెలంగాణ సీఎం కప్ పోటీలు గ్రామ పంచాయతీ స్థాయి నుంచే మొదలయ్యాయి. అలాంటి ఊరి పోటీల్లో మట్టి కోర్టుల మీద ఆడే పిల్లలకు తమ ఆట ఫొటో దొరకడమే అరుదు. తీసినవాళ్లు దయచేసి ఆ రాత్రే వాళ్లకు పంపండి.